బురద ఎత్తేశారు, భూమి ఇంకా రాలేదు

గనుల ప్రమాదాల వార్తలు వరసగా చదివే అలవాటున్నవాళ్లకి ఒక వాక్యం నోటికి వచ్చేసి ఉంటుంది: "శుభ్రపరిచే పనులు పూర్తయ్యాయి." గట్టు తెగిన రోజు వార్త మొదటి పేజీలో ఉంటుంది. మంత్రిగారు పరామర్శకి వచ్చిన రోజుకి లోపలి పేజీకి పోతుంది. ఈ వాక్యం వచ్చేసరికి జిల్లా ఎడిషన్‌లో ఏదో షాపు ప్రకటన పక్కన నాలుగు లైన్లు మిగులుతాయి. ఆ తర్వాత ఆ ఊరి సంగతి ఎవరికీ పట్టదు.

నా పేచీ ఆ వాక్యంతోనే. బురద ఎత్తడం ఒక పని, ఆ నేల మీద మళ్లీ పంట తీయడం ఇంకో పని. మొదటిదానికి కాంట్రాక్టరు ఉంటాడు, మెజర్‌మెంట్ బుక్కు ఉంటుంది, బిల్లు పాసయ్యే తేదీ ఉంటుంది. రెండోదానికి రైతు తప్ప ఇంకెవరూ ఉండరు. ఆ రెండో పనికి కావలసిన డబ్బూ, ఆ పని చేయించే బాధ్యతా తవ్వకం మొదలవకముందే రాయించుకోవాలి. తర్వాత అడిగితే వినే నాథుడు ఉండడు. కంపెనీలు చెడ్డవనో, ఆఫీసర్లు లంచగొండులనో చెప్పడానికి ఇది రాయడం లేదు. అందరూ మంచివాళ్లే అయినా ఈ గండి పూడదు, ఎందుకంటే అది ఎవరి డ్యూటీలోనూ లేదు.

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు. మా జిల్లాలో బొగ్గు గనులు లేవు. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు గూడ్సు బళ్లలో మా మీదుగా దక్షిణానికి పోతుంది, అంతే. గేటు పడితే వ్యాగన్లు లెక్కపెట్టుకోవడం మా చిన్నప్పటి కాలక్షేపం. కానీ గనుల సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే మా దగ్గర, 1892లో, కోడూరులో. అక్కడి రాయికి భూగర్భ శాస్త్రంలో కోడూరైట్ అని పేరు కూడా ఉంది. గర్భాం గనులు, గరివిడి ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ, మెరకముడిదాం దారిలో ఎర్రగా నల్లగా కనిపించే గని వ్యర్థాల గుట్టలు చూస్తూ పెరిగినవాళ్లం. కొన్ని గుట్టల మీద తుమ్మలు మొలిచి చిట్టడవిలా ఉంటాయి. కొత్తగా వచ్చినవాడు అవి దేవుడు పెట్టిన కొండలే అనుకుంటాడు.

అలాంటి ఒక గుట్టకి దిగువన మా పొలం, దానికి దిగువన చెరువు. ఒక తుపాను రాత్రి ఆ గుట్ట ఒక పక్క కూలి, వాన నీళ్లతో కలిసి గెడ్డలోకి దిగింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు కాబట్టి అది వార్త కూడా కాలేదు. తెల్లారేసరికి గెడ్డ ఎక్కడుందో తెలీలేదు. చిక్కటి నల్ల బురద ఊడ్చిన మడుల మీద జానెడు మందాన పరుచుకుని, చెరువు మదుము దాకా వెళ్లి ఆగింది. గని లీజుదారు మనుషులు తొందరగానే వచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి. పొక్లెయినూ టిప్పర్లూ తెచ్చారు, టోపీ పెట్టుకున్న ఒక ఇంజనీరూ వచ్చాడు. ముందు రోడ్డు, తర్వాత బడి, తర్వాత గుడి ముందు జాగా, ఆఖర్న పొలాలు.

పొలాల్లో పని నేను దగ్గరుండి చూశాను. జానెడు బురద మాత్రమే గీకమంటే పొక్లెయిన్ బకెట్‌కి చేతకాదు. దిగితే మూరెడు దిగుతుంది. తాతల కాలం నుంచి ఏటేటా పెంట తోలి, మందలు కట్టి, పెంచుకుంటూ వచ్చిన పైమట్టి బురదతోపాటే టిప్పర్లోకి ఎక్కేసింది. టిప్పర్లు తడి నేల మీదే తిరిగాయి. ఒకటి దిగబడితే ఇంకోటి వచ్చి లాగింది, అది దిగబడితే పొక్లెయిన్ వచ్చి లాగింది. అంతా అయ్యాక ఒక కాగితం తెచ్చారు: పై సర్వే నెంబర్లలో పేరుకున్న మట్టి పూర్తిగా తొలగించబడినది, మాకు ఎటువంటి అభ్యంతరం లేదు. మా పెదనాన్న సంతకం పెట్టాడు. కాగితంలో అబద్ధం ఏమీ లేదు మరి. పేరుకున్న మట్టి పూర్తిగానే పోయింది. పేరుకోనిది కూడా పోయింది.

మరుసటి ఏడు వరి వేశారు. వరి మొండిది, బతికింది. గింజ మాత్రం సరిగా పట్టలేదు. అసలు తేడా కోతకి ముందు చల్లిన మినుములో తెలిసింది. మొలక బాగానే వచ్చింది. నాలుగాకులు వేశాక అంచులు ముడుచుకుని, గోధుమ రంగు చుక్కలు పడి, మొక్క అక్కడే ఆగిపోయింది. మడిలో ఒక మూల మాత్రం ఏపుగా ఉంది. అది టిప్పరు తిరగని మూల. నాన్న గునపం తెచ్చి రెండు చోట్లా తవ్వాడు. ఆ మూలలో మట్టి పొడిపొడిగా, వానపాముల బెజ్జాలతో ఉంది, వేళ్లు హాయిగా కిందికి దిగాయి. రెండో గోతిలో మొదట రెండు వేళ్ల మందం సన్నటి నల్లటి పొర, దాని కింద గునపం ఖణేలుమని మోగేంత గట్టి పలక. మినుము వేరు ఆ పలక దాకా వచ్చి, దారి లేక అడ్డంగా తిరిగిపోయింది. పలకని పగలగొట్టి ఇంకా తవ్వితే పాత మట్టి తగిలింది, తడి తడిగా, మంచి వాసన వేస్తూ. తడి కిందుంది, వేరు పైనుంది, మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడు.

మట్టి పరీక్ష చేయించలేదా అని అడుగుతారు. చేయించాం. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఆ కార్డు తయారు చేసిన ఉద్దేశం ఏ పోషకం తక్కువైందో చెప్పి, ఏ ఎరువు వేయాలో చెప్పడం. మాంగనీసు గుట్ట కూలి మీద పడ్డ పొలానికి వచ్చిన కార్డులో మాంగనీసు ఎదురుగా "సరిపడా ఉంది" అని వచ్చింది. నాన్న ఇప్పటికీ ఆ కార్డు చూపించి నవ్వుతాడు. ఎక్కువైందని చెప్పే గడి ఆ కార్డులో లేదు. నేల ఎంత గట్టిపడిందో చెప్పే గడి అసలే లేదు.

వరి బతికి మినుము చావడంలో వింతేమీ లేదని తర్వాత తెలిసింది. నీళ్లు నిలిచిన మడిలో గాలి అందక మట్టిలోని మాంగనీసు, ఇనుము కరిగి నీళ్లలోకి వస్తాయి. వరి దాన్ని తట్టుకుంటుంది, పప్పుజాతి మొక్కలు తట్టుకోలేవు. పొలం దెబ్బతిన్నదా లేదా అని చూడటానికి వచ్చిన ఆఫీసరు వరి మీద ఉన్నప్పుడు వస్తే "పచ్చగానే ఉంది కదండీ" అంటాడు. అన్నాడు కూడా.

అప్పటినుంచి ఇలాంటివి ఇంకెక్కడ జరిగాయి, ఆ నేలలు తర్వాత ఏమయ్యాయి అని చదవడం పట్టుకున్నాను. ఎక్కువ సమాచారం బొగ్గు దగ్గరే దొరికింది. చాలాచోట్ల బొగ్గుని అమ్మే ముందు కడుగుతారు. కడిగిన నీళ్లలో సన్నటి బొగ్గు పొడి, బంకమట్టి కలిసి బురదవుతుంది. ఆ బురదని రాళ్లూ మట్టీ పోసి కట్టిన గట్టు వెనక నిలవ చేస్తారు. అలాంటి గట్లలో కొన్ని ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి. మన నాగావళి వరద వెనక వచ్చే ఒండ్రుకీ దీనికీ పోలికే లేదు. ఒండ్రు వస్తే రైతు లోపల్లోపల సంతోషిస్తాడు. బొగ్గు బురదలో ప్రాణమున్నదేదీ ఉండదు. మట్టి రంధ్రాల్లో దూరి, ఆరాక అట్ట కట్టేస్తుంది. పైగా చాలా బొగ్గుల్లో పైరైట్ ఉంటుంది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. అది నేలలోపల ఉన్నంతకాలం ఏమీ చేయదు. గాలీ నీరూ తగిలిన రోజు నుంచి గంధకామ్లం పుట్టడం మొదలవుతుంది. అందుకే పాత బొగ్గు గనుల పక్క వాగులు నారింజ రంగులో పారతాయి. గని మూసి తరాలు గడిచినా అది ఆగదు.

2000 అక్టోబర్ 11న అమెరికాలో కెంటకీ రాష్ట్రం మార్టిన్ కౌంటీలో జరిగింది చూడండి. అక్కడ గట్టు తెగలేదు. చెరువు అడుగే చిల్లిపడింది. కింద పాత గని సొరంగాలు ఉన్నాయి, బురద వాటిలోకి దిగి రెండు వాగుల్లోంచి బయటికొచ్చింది. సుమారు 116 కోట్ల లీటర్లు. ఒక్క మనిషి చనిపోలేదు. మా గుట్టలాగే. మనిషి పోకపోతే ప్రమాదం చిన్నదని ఎవరు నిర్ణయించారో నాకు తెలీదు. కెనడాలో అల్బర్టా రాష్ట్రం ఒబెడ్ గనిలో 2013 అక్టోబర్ 31న గట్టు తెగి, సుమారు 67 కోట్ల లీటర్ల మురుగు, బురదతో సహా, రెండు వాగుల మీదుగా అథబాస్కా నదిలో కలిసింది. ఆ గనిలో తవ్వకం ఆగిపోయి అప్పటికి దాదాపు ఏడాది. మూసేసిన గని నుంచే ముప్పు వచ్చింది. జరిమానా 2017లో పడింది, సుమారు 44 లక్షల కెనడా డాలర్లు. నాలుగేళ్ల తర్వాత పడే జరిమానా మీద మా పెదనాన్న లాంటివాడు ఒక పంట కూడా అప్పు తెచ్చుకోలేడు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఒక ఊరి గురించి తప్పకుండా చెప్పాలి. వేల్స్ దేశంలో అబెర్‌ఫాన్. 1966 అక్టోబర్ 21 ఉదయం కొండ మీద పోసిన బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. గుట్టని నీటి ఊటల మీద పోశారు. అక్కడ ఊటలున్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఈ భాగం చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. చదవనిది తర్వాతి భాగం. ఊరి పైన ఇంకా మిగిలిన గుట్టలు తీసేయమని జనం అడిగారు. గుట్టలు పోసింది ప్రభుత్వ బొగ్గు బోర్డు. తీయడానికయ్యే ఖర్చులో 1,50,000 పౌండ్లు ఎక్కడినుంచి తీసుకున్నారో తెలుసా? ఆ పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రపంచమంతా పంపిన విరాళాల నిధి నుంచి. దాన్ని 1997లో తిరిగి ఇచ్చారు, వడ్డీ లేకుండా. 2007లో వేల్స్ ప్రభుత్వం ఇంకొంత చేర్చింది. నలభై ఏళ్లు. బ్రిటన్ లాంటి దేశంలో, అంత పెద్ద ఘటనలో, దర్యాప్తు సంఘం తప్పు బొగ్గు బోర్డుదేనని తేల్చాక కూడా, శుభ్రం చేసిన ఖర్చు ముందు బాధితుల జేబులోంచే పోయింది. డబ్బు ముందే పక్కన పెట్టించాలని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే రుజువు వెతకను.

ఎత్తేసిన బురద ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. అమెరికా టెనెసీ రాష్ట్రంలో కింగ్‌స్టన్ థర్మల్ ప్లాంటులో, బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద చెరువు 2008 డిసెంబర్ 22న తెగి, దాదాపు 41 లక్షల ఘనపు మీటర్ల తడి బూడిద 300 ఎకరాల మీద పరుచుకుంది. శుభ్రం చేయడానికి వంద కోట్ల డాలర్లు దాటింది. ఆ బూడిదలో పెద్ద భాగాన్ని రైళ్లలో ఎక్కించి అలబామాలోని పెర్రీ కౌంటీకి పంపారు. అది ఎక్కువమంది నల్లజాతి పేదలుండే ప్రాంతం. అక్కడి డంపింగ్ యార్డులో పోశారు. టెనెసీ లెక్కలో శుభ్రమైంది, అలబామా లెక్కలో మొదలైంది. బూడిద ఎత్తిన కూలీలు ఊపిరితిత్తుల జబ్బులతో, కాన్సర్లతో కోర్టుకెక్కారు. కాంట్రాక్టరు తన బాధ్యత నెరవేర్చలేదని 2018లో జ్యూరీ తేల్చింది, 2023లో రాజీ కుదిరింది. మా ఊళ్లో టిప్పర్లు మట్టిని ఎక్కడ పోశాయో మేమూ చాలాకాలం అడగలేదు. పక్క ఊరి మెట్టలో, పోరంబోకు అని రాసి ఉన్నచోట పోశారు. అక్కడ మేకలు కాసుకునేవాళ్లకి అది పోరంబోకు కాదు.

మన దేశంలోనూ ఉంది. 2020 ఏప్రిల్ 10న, లాక్‌డౌన్‌లో, మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లాలో సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద గట్టు తెగి ఆరుగురు కొట్టుకుపోయి చనిపోయారు. సింగ్రౌలీ మనకి దూరమే. కానీ శ్రీకాకుళం జిల్లా సోంపేట దూరం కాదు. 2010 జూలై 14న అక్కడి బీలలో, అంటే చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, జాలర్ల మీద పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న అలాంటి చిత్తడి నేలే అయిన కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు చాలామంది, "ఇంకా కట్టని ప్లాంటు మీద ఇంత గొడవేంటి, వచ్చాక చూసుకోవచ్చు కదా" అన్నారు. వచ్చాక చూసుకునే పరిస్థితి ఎలా ఉంటుందో పైన రాశాను. బీలలో నీళ్లు ఎటు వస్తాయి, ఎటు పోతాయి, ఏ నెలలో ఎంత లోతుంటాయి అన్నది అక్కడి జాలరికి ఏ కన్సల్టెంటు రిపోర్టు కన్నా బాగా తెలుసు. అబెర్‌ఫాన్‌లో ఊటల సంగతి ఊరికి తెలిసినట్టే.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో బఫెలో క్రీక్ అనే చోట 1972 ఫిబ్రవరి 26న బొగ్గు బురద గట్టు తెగి 125 మంది చనిపోతే, కంపెనీ దాన్ని దైవ ఘటన అంది. (మా లీజుదారు తుపాను అన్నాడు. దేవుడి మీద నెట్టడంలో దేశాల మధ్య తేడా లేదు.) అయిదేళ్లకి, 1977లో, అమెరికా ఉపరితల గనుల చట్టం వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన ఒకటుంది. గని యజమాని ముందే బాండు, అంటే హామీ సొమ్ము, కట్టాలి. తవ్విన నేలని తిరిగి సరిచేసి విత్తనం చల్లాక, ఆఖరిసారి ఎరువు వేసిన ఏడాది దాటిన దగ్గర్నుంచి అయిదేళ్లు ఆ నేల బాధ్యత అతనిదే. ఏడాదికి 26 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ వాన పడే చోటయితే పదేళ్లు. మధ్యలో మళ్లీ ఎరువు వేసి నిలబెట్టాల్సి వస్తే లెక్క మళ్లీ మొదలు. ఎరువు లేకుండా, నీళ్లు పెట్టకుండా నేల తనంతట తాను నిలబడుతోందా అని చూడటానికి అంత టైము పడుతుందని ఆ చట్టం రాసినవాళ్లకి తెలుసు. అక్కడ ఆ చట్టం సక్రమంగా అమలవుతోందని నేను అనను. బాండు చాలక, కంపెనీ దివాలా తీసి, గుంతలు మిగిలిపోయిన చోట్లు అక్కడా ఉన్నాయి. అయినా ఏళ్ల లెక్క కాగితం మీద ఉంటే పట్టుకోవడానికి ఒక కొస ఉంటుంది.

మన దగ్గర బొగ్గు గనులకి 2009లో మూసివేత మార్గదర్శకాలు వచ్చాయి. అప్పట్లో ఓపెన్ కాస్ట్‌కి హెక్టారుకి 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష, ధరల సూచీని బట్టి పెంచుతూ, మూసివేత కోసమే పక్కన పెట్టే ఎస్క్రో ఖాతాలో వేయాలన్నారు. మిగతా ఖనిజాలకి బ్యాంకు గ్యారంటీ. పైమట్టి ఉన్నచోట దాన్ని విడిగా తీసి, విడిగా దాచి, నేలని బాగుచేయడానికే వాడాలని ఖనిజ సంరక్షణ నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, తవ్వకం అయిపోయిన గనుల నేల మీద మళ్లీ గడ్డి పెంచి పశువులకి పనికొచ్చేలా చేయాలని, ఆ షరతు లీజుల్లోనే పెట్టాలని చెప్పింది. బాగానే ఉన్నాయి. కానీ ఇవన్నీ లీజు హద్దు రాయి లోపలి నేల గురించి. గుట్ట కూలితే హద్దు రాయి దగ్గర ఆగదు. మా పొలం ఏ మూసివేత ప్లానులోనూ లేదు, చెరువూ లేదు.

ఇక ఆ హద్దు లోపల చేసేదయినా ఏమిటంటే, మొక్కలు నాటడం. నీలగిరి, సరుగుడు, సుబాబుల్. ఎన్ని వేల మొక్కలు నాటారు, ఎన్ని బతికాయి అన్న లెక్క బోర్డు మీద రాస్తారు. రోడ్డు మీంచి చూస్తే పచ్చగా ఉంటుంది, ఫోటోలో ఇంకా పచ్చగా ఉంటుంది. మా చెరుకు కాటా దగ్గర టీ కొట్టు నడిపే ముసలాయన ఒకసారి, "ఆకు చూపించీసి మట్టి ఒగ్గీసినారు బాబూ" అన్నాడు. నీలగిరి కింద గడ్డి సరిగా మొలవదని మా జిల్లాలో మేకలకి కూడా తెలుసు.

నేలని నిజంగా వెనక్కి తేవాలంటే వరస వేరుగా ఉంటుంది. మొదట నీటి దారి. గుట్ట మీద పడే వాన నీళ్లు గుట్టలోకి ఇంకకుండా, బురదని మోసుకు రాకుండా చుట్టూ కాలవ తీసి, ఆ నీళ్లు నిలిచి తేరుకునే గుంటలు తవ్వాలి. ఇది చేయకుండా కింద పొలం బాగుచేస్తే వచ్చే వానకి మళ్లీ మొదటికే వస్తుంది. తర్వాత గట్టి పలకని పగలగొట్టడం. మామూలు నాగలి దానికి చాలదు, లోతు దుక్కి చేసే పరికరం కావాలి, అదీ నేల పొడిగా ఉన్నప్పుడే. తడిలో దున్నితే ఇంకో పలక తయారవుతుంది. ఆమ్లం పుట్టే బొగ్గు బురద అయితే సున్నం వేయాలి, ఎంత అన్నది పరీక్ష చేసే చెప్పాలి. అందరికీ ఒకే బస్తా లెక్క పనికిరాదు. ఆ తర్వాతే పంట, అదీ తినే పంట కాదు. జనుము, జీలుగ వేసి పూతకి ముందు కలియదున్నాలి. ఒకసారి కాదు, వరసగా ఏటేటా. వాటిలో జీలుగ ముంపు నేలనీ, చౌడునీ తట్టుకుంటుంది. మట్టిలో కాస్త ప్రాణం వచ్చాక మెట్ట అయితే చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు). చోడి రకాలకి పేరున్న పరిశోధన స్థానం విజయనగరంలోనే ఉంది. అలాంటి చోటినుంచి ఒక శాస్త్రవేత్త ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసే ఏర్పాటు పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

పైమట్టి దాచడంలోనూ ఒక కిటుకుంది. కొండలా పోసి ఏళ్ల తరబడి ఉంచితే లోపలి మట్టికి గాలి ఆడక, అందులోని జీవాలు చచ్చి, ఒట్టి మన్ను మిగులుతుంది. తక్కువ ఎత్తులో పోసి, మీద జనుమో పిల్లిపెసరో చల్లి, వీలయినంత తొందరగా వాడేయాలి. నిబంధనలో "విడిగా దాచాలి" అని ఉంటే, నేను చూసిన చోట ఒక గుట్ట పక్కన ఇంకో గుట్ట పోసి, దాని మీద "పైమట్టి" అని బోర్డు పాతారు. బోర్డు బాగుంది.

చెరువు సంగతి వేరేగా చెప్పాలి. మా వైపు వేసవిలో చెరువు ఎండితే అడుగు మట్టి తవ్వి పొలాలకి తోలుకోవడం తరాల ఆచారం. దానికి మించిన ఎరువు లేదని మా నాన్న నమ్మకం, మామూలు చెరువు అయితే అది నిజమే. కానీ గుట్ట నుంచి వచ్చిన సన్నటి పొడి అంతా చివరికి చేరేది చెరువు అడుగుకే. ఆ మట్టి తోలితే బురద పడని పొలాలకి కూడా మన బళ్ల మీద మనమే మోసుకెళ్లి పోసినట్టు. తోలకపోతే చెరువు పూడిపోతుంది, మదుము మూసుకుపోతుంది, ఆయకట్టు ఎండిపోతుంది. ఊళ్లో దీని మీద పెద్ద తగవే నడిచింది. అడుగు మట్టి ఏ పక్క ఎంత చెడింది, ఏ పక్క పనికొస్తుంది అని నాలుగైదు చోట్ల నమూనాలు తీసి చెప్పేవాడుంటే తగవే లేదు. ఆ పని రోడ్డు, బడి, గుడి, పొలం జాబితాలో లేదు. చెరువు పక్క బోరు నీళ్లూ అంతే. తాగే నీళ్లలో మాంగనీసు లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేకపోతే 0.3 వరకు అని భారతీయ ప్రమాణం. మా బోరు నీళ్లు బిందెలో నిలవ ఉంచితే అంచున నల్లటి చార కడుతుంది. ఆడవాళ్లు చింతపండుతో తోముకుంటారు.

మా బావ ఒకడు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇవన్నీ చెబితే, "నువ్వు రాసుకో బావా. రేపు గని మూసీస్తే నా జీతం నువ్వు రాసిందిస్తాదేటి?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. గని మూయమని నేను అనడం లేదు. మాంగనీసు లేకుండా ఉక్కు లేదు, ఉక్కు లేకుండా ఇది రాస్తున్న కంప్యూటరూ లేదు. టన్ను ఖనిజం ధరలో నేల వెనక్కి తెచ్చే ఖర్చు కలిపి అమ్మమంటున్నాను. ఇప్పుడు ఆ ఖర్చు ఎవరూ పెట్టడం లేదనుకోవద్దు. మా పెదనాన్న పెడుతున్నాడు, పండని మినుము రూపంలో. బొగ్గు ప్రమాదాల్లో వాగు దిగువన ఉన్నవాడు పెడుతున్నాడు. బావ జీతంలో కొంత మా పెదనాన్న ఇస్తున్నట్టే లెక్క. వాడికి ఈ మాట చెప్పాను. నవ్వి, "అయితే పెద్దయ్యకి థాంక్స్ చెప్పు" అన్నాడు.

చిన్న లీజుదారులు అంత డిపాజిట్ కట్టలేరన్నది ఇంకో అభ్యంతరం. కట్టలేనివాడు గుట్ట పోయకూడదు, అంతకన్నా నా దగ్గర జవాబు లేదు. నిజంగా చిక్కయినది నిబంధనలు రాకముందే వదిలేసిన పాత గుట్టల సంగతి. యజమాని లేడు, గ్యారంటీ లేదు, కొన్నిటికి కాగితాలే లేవు. అమెరికా వాళ్లు ఇప్పుడు తవ్వే ప్రతి టన్ను బొగ్గు మీద కొంత వసూలు చేసి పాత గనుల నిధిలో వేస్తారు. మనకి 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. రాయల్టీ మీద పాత లీజులయితే 30 శాతం, వేలంలో వచ్చినవయితే 10 శాతం అందులో పడుతుంది. ఆ నిధితో చేయాల్సిన ముఖ్యమైన పనుల్లో తాగునీరు, పర్యావరణం ఉన్నాయి. సీసీ రోడ్డు వేస్తే రిబ్బను కత్తిరించొచ్చు, గుట్ట చుట్టూ కాలవ తీస్తే కత్తిరించడానికి ఏమీ ఉండదు. ఇబ్బంది అక్కడే. జిల్లాలో పాత గుట్టలెన్ని, ఏ గుట్ట కింద ఏ చెరువుంది అని ఒక జాబితా రాసి, ఏడాదికి ఒక్క గుట్ట చొప్పున పట్టుకున్నా చాలు.

కొత్త గనికో, ఉన్న గని విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మాత్రం పనులు మానుకునైనా వెళ్లండి. పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. సభలో ఎక్కువమంది ఉద్యోగాల గురించి అడుగుతారు, అడగాలి కూడా. మీరు హద్దు రాయి బయట సంగతి అడగండి. దిగువనున్న ప్రతి సర్వే నెంబరులో, చెరువు అడుగులో, తాగే బోరులో ఇప్పుడే నమూనాలు తీసి, ఫలితాలు పంచాయతీ ఆఫీసులో పెట్టమనండి. రేపు పాడైందని చెప్పడానికి నిన్న ఎలా ఉందో కాగితం కావాలి. మాకు అది లేకే చిక్కయింది. బురద పడితే గీకే ముందు వ్యవసాయ శాఖ మనిషి ఉండాలనీ, ఎత్తిన మట్టి ఎక్కడ పోస్తారో రాయాలనీ, పనులు పూర్తయ్యాయన్న కాగితం మీద సంతకం అయిదు పంటల తర్వాతే తీసుకోవాలనీ షరతు పెట్టమనండి. అందులో ఒకటైనా మినుమో పెసరో ఉండాలి, అన్నీ వరి అయితే ఒప్పుకోవద్దు.

నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద కూడా ఇచ్చి, మీ కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. సభ అయ్యాక అందరూ భోజనాలకి లేస్తారు, మీరు లేవకండి. ఎవరేం మాట్లాడారో రాసుకున్న మినిట్స్ అదే రోజు, అక్కడే, తెలుగులో చదివి వినిపించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. చదవమని అడగండి. మీరన్న చెరువు మాట అందులో లేకపోతే, సంతకాలు అవకముందే రాయించండి.